రిపోర్టు నార్మలే... మరి పిల్లాడు?

జ్వరమొస్తే రక్తపరీక్ష. నీరసంగా ఉంటే రక్తపరీక్ష. సీసాడు రక్తం ఇస్తే ఒంట్లో సంగతంతా కాగితం మీదకు వచ్చేస్తుందని మన నమ్మకం. మదనపల్లె ప్రాంతానికి ఈ పరీక్షల సంగతి కొత్తేమీ కాదు. పక్కనే ఉన్న ఆరోగ్యవరంలో 1915లోనే క్షయ రోగులకు శానటోరియం తెరిచారు. క్షయకు కారణం ఓ క్రిమి. కళ్లెను సూక్ష్మదర్శిని కింద పెడితే కనబడుతుంది. కానీ అన్ని సమస్యలూ అలా దొరకవు.

బి.కొత్తకోటలో ఓ తల్లికి ఎనిమిదేళ్ల కొడుకు. రెండు ముద్దలు తిని లేచిపోతాడు. సగం లెక్క చేసి కిటికీలోంచి చూస్తుంటాడు. వారానికో పెన్సిల్ పోగొడతాడు. అడిగింది పూర్తి కాకముందే జవాబు చెప్పేస్తాడు. 'ఇది ఏడీహెచ్‌డీ ఏమో, రక్తపరీక్షలో తెలుస్తుందంట' అని ఎవరో అన్నారు. ఆమె వాణ్ని తీసుకుని మదనపల్లె బస్సెక్కింది. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. అన్నీ నార్మల్!

'చూస్తివా? వాడికే రోగమూ లేదు. రెండు పీకితే అదే దోవకొస్తాడు' అన్నాడు తండ్రి.

పిల్లాడి మేలు కోరి చేయించిన పరీక్ష చివరికి దెబ్బలకు సాకైంది.

రక్తంలో ఏం వెతుకుతున్నారు?

2004లో ఫ్రాన్స్ పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న 53 మంది పిల్లల్లో ఫెరిటిన్‌ను కొలిచారు. ఒంట్లో ఇనుము నిల్వలు ఎంతున్నాయో చెప్పే ప్రొటీన్ అది. 84 శాతం మందిలో తక్కువగా ఉంది. ఆ సమస్య లేని పిల్లల్లో అలా ఉన్నది 18 శాతం మందికే. మెదడులో డోపమైన్ తయారవాలంటే ఇనుము కావాలి కాబట్టి ఆశలు పెరిగాయి. అయితే తర్వాతి అధ్యయనాలన్నీ అదే మాట చెప్పలేదు. నమ్మదగ్గ సూచిక ఒక్కటీ లేదని 2012లో అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చింది. 2023లో ఈ సమస్యతో సంబంధమున్న 27 జన్యు ప్రాంతాలను గుర్తించారు. ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది. ఏడీహెచ్‌డీ ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆర్నెల్ల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత. ఇంతమందిలో ఉన్న లోపాన్ని చూసి ఒక్క పిల్లాడికి ఏడీహెచ్‌డీ ఉందని ఎలా చెప్పగలం?

అలాగని పరీక్షలు దండగ కాదు. రక్తహీనత, థైరాయిడ్ తేడాలు, నిద్రలేమి, చూపు, వినికిడి లోపాలు... వీటిలో ఏది ఉన్నా పిల్లలు చదువు మీద మనసు పెట్టలేరు. వాటిని పట్టుకుంటే వైద్యం చేయొచ్చు. డాక్టరు పరీక్షలు రాసేది అందుకే.

మరి గుర్తించేదెలా?

కుదురులేమి, మతిమరుపు, తొందరపాటు లాంటి లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలవ్వాలి. కనీసం ఆర్నెల్లుగా ఉండాలి. ఇంట్లోనూ బడిలోనూ కనబడాలి. వాటివల్ల చదువో స్నేహాలో దెబ్బతినాలి. ఇవన్నీ చూశాకే పిల్లల వైద్యులు, మానసిక వైద్యులు నిర్ధారిస్తారు. అందుకే అమ్మానాన్నల్నీ, టీచర్నీ అన్నన్ని ప్రశ్నలడుగుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు చూడాల్సిన సమస్యల్లో ఇదీ ఉంది. బడికి ఆ బృందం వచ్చినప్పుడు టీచరు ఒక్క మాట చెప్పినా చాలు.

ముందు వరసలో చోటివ్వడం, పెద్ద పనిని చిన్న ముక్కలు చేసి చెప్పడం, చేసినంతకు మెచ్చుకోవడం... ఇవి ఖర్చులేని సాయాలు. హార్స్‌లీ కొండల చేరువలోని రిషివ్యాలీ వాళ్ల పల్లె బడుల్లో పిల్లలు కార్డుల సాయంతో ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకుంటారు. అందర్నీ ఒకే వేగంతో నడిపించక్కర్లేదని ఆ పద్ధతి చెబుతోంది. అవసరమైతే మందులూ ఉన్నాయి. దెబ్బలు మాత్రం మందు కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ల్యాబ్ కాగితంతోపాటు పిల్లాడి నోటు పుస్తకాలూ పట్టుకెళ్లండి. టీచరుతో నాలుగు ముక్కలు రాయించుకోండి. రక్తంలో కనబడనిది చాలావరకు వాటిలో కనబడుతుంది.