చెరపని ఖాతా

హెబ్బగోడిలో మా తెలుగువాళ్ల వెబ్ సర్వర్ పెత్తనం నాది. దసరా ఫోటోలు అందరూ చూడొచ్చు. చందాల లెక్కలు కమిటీ గ్రూపుకే. ‘నా పాస్‌వర్డేమిటో చూసి చెప్పు బాబూ’ అంటారు పెద్దలు. నాకూ కనిపించదండీ! లైనక్స్ దాన్ని గుర్తుపట్టలేనట్లు మార్చి దాస్తుంది. మార్చేముందు కలిపే కొన్ని అక్షరాల పేరు సాల్ట్, మన ఉప్పే! 1979లో మోరిస్, థాంప్సన్‌ల వ్యాసంలోనే ఉందది.

కోశాధికారి బాబాయిగారు పోయాక ఆయన ఖాతా తీసెయ్యమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఫైళ్లు ఎవరివో సర్వర్ గుర్తుంచుకునేది పేరుతో కాదు, నంబరుతో. ఖాతా చెరిపితే ఆ నంబరు రేపు మరొకరికి రావచ్చు. ఆయన రాసిన లెక్కలన్నీ వాళ్లవైపోతాయి. అందుకని తాళం వేశాను. దాచిన పాస్‌వర్డ్ ముందు ఒక ఆశ్చర్యార్థకం చేరింది, అంతే.

పిన్నిగారికి కొత్త ఖాతా తెరిచి, ఆ లెక్కలు చదివే గ్రూపులో చేర్చాను. కమిటీలో కొందరికి నచ్చలేదు. ఆవిడ మాత్రం రోజూ చూస్తున్నారు.