మెడకింద తాళంచెవి

క్లావికిల్ అంటే ఏమిటో తెలుసా? ‘చిన్న తాళంచెవి’. లాటిన్‌లో దాని అర్థం అంతే. గొంతు కింద నుంచి భుజం దాకా అడ్డంగా ఉంటుందే, సన్నగా ఉన్నవాళ్ళకి పైకి తేలి కనిపిస్తూ... ఆ ఎముక. దానిమీద రెండు వేళ్ళు ఆనించి, ఆ వైపు చెయ్యి మెల్లగా తలపైకి ఎత్తి చూడండి. వేళ్ళకింద అది కదులుతుంది. తాళంచెవి తిప్పినట్టు తన చుట్టూ తాను కొంచెం తిరుగుతుందట.

ఈ సంగతి నాకు ముప్ఫయ్యేళ్ళు దాటాక, మా చెల్లి పుణ్యమా అని తెలిసింది. నేను చదివింది జర్నలిజం డిప్లొమా. సైన్సుకీ నాకూ పదో తరగతితోనే రాంరాం. చెల్లి నాకన్నా పధ్నాలుగేళ్ళు చిన్నది. మా పల్నాడులోనే, తెలుగు మీడియంలో ఇంటర్ బైపీసీ చదివి 2022లో బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. మొదటి సెమిస్టర్‌లోనే అనాటమీ. మొదటి ఇంటర్నల్ పరీక్షలో దానికి 30కి 7 మార్కులొచ్చాయి.

ఆ రాత్రి ఫోన్ చేసింది. ‘అక్కా, నేనొచ్చేస్తా. నాన్నకి నువ్వే చెప్పు’ అంది.

నాన్నకి ఏం చెప్పాలి? ఆ ఫీజు కోసం ఆయన మిర్చి వ్యాపారి దగ్గర వచ్చే పంటమీద అప్పు తెచ్చాడు. కట్టిన డబ్బు ఎలాగూ తిరిగిరాదు. అదలా ఉంచండి, చదువు మానేసి ఇంటికొచ్చిన ఆడపిల్ల గురించి మా ఊళ్ళో వారం తిరక్కుండా మొదలయ్యే మాట ఒక్కటే... సంబంధాలు. చెల్లికప్పుడు పద్దెనిమిది. ‘ఆదివారం హైదరాబాద్ రా, పుస్తకం కూడా తెచ్చుకో’ అన్నాను. అంతకుమించి నాకేమీ తోచలేదు.

వచ్చింది. పుస్తకం బరువు చూసి నాకే గుండె జారింది. తెరిస్తే పేజీకి పాతిక కొత్త మాటలు. స్టెర్నోక్లైడోమాస్టాయిడ్... అది మెడలో ఒక కండ పేరు! ‘ఇంటర్‌లో ఇవన్నీ చదివావు కదే?’ అంటే, ‘చదివా. తెలుగులో’ అంది. ఏదీ చెప్పమంటే గడగడా అప్పజెప్పింది... జత్రుక, అంసఫలకం, రత్ని, అరత్ని, అంతర్జంఘిక, బహిర్జంఘిక. నేను నోరెళ్ళబెట్టాను. ఇది తెలుగా? జత్రుక ఎక్కడుంటుందో మా నాన్ననడగండి, పక్క మండలంలో ఊరేమో అనుకుంటాడు. క్లావికిల్ ఎంత పరాయిదో జత్రుకా అంతే. పాపం చెల్లి ఒక పరాయి భాషలో బట్టీ పట్టింది మర్చిపోయి, ఇంకో పరాయి భాషలో మళ్ళీ బట్టీ పట్టాలన్నమాట!

పత్రికలో మా పనేమిటి? ఇంగ్లిషులో వచ్చినదాన్ని మా నాన్నకి అర్థమయ్యేలా రాయడం. తెలియని మాట తగిలితే నిఘంటువు తీసి, అది ఎక్కడ పుట్టిందో, ఏ ఇంటినుంచి వచ్చిందో చూస్తాం. అలవాటుకొద్దీ అదే పని చేశాను. పెద్ద ఇంగ్లిషు నిఘంటువు నా ఒళ్ళో, అనాటమీ పుస్తకం దాని ఒళ్ళో.

మొదట దొరికింది తాళంచెవి. తర్వాత ఇక ఆగలేదు.

మోకాలి కింద రెండెముకలు... టిబియా, ఫిబులా. టిబియా అంటే పిల్లనగ్రోవి. పాతకాలంలో ఎముకలతో పిల్లనగ్రోవులు చేసేవారు కదా! పక్కనే సన్నగా ఉండే ఫిబులా అంటే రోమన్లు బట్టలకి పెట్టుకునే పిన్నీసు. వెన్నెముక చివర కాక్సిక్స్... కోయిల. దాని ముక్కులా వంగి ఉంటుందని. లోపలి చెవిలో కాక్లియా అంటే నత్త. తొడ ఎముక తల వచ్చి కూర్చునే తుంటి గుంటకి ఎసిటాబ్యులమ్ అని ఎంతో గంభీరమైన పేరు. తీరా చూస్తే, రోమన్లు భోజనాల బల్లమీద వెనిగర్ పోసుకునే చిన్న గిన్నె! మణికట్టులో ఎనిమిది బుల్లి ఎముకలుంటాయి. వాటిలో ఒకటి పడవ, ఒకటి నెలవంక, ఒకటి బఠాణీ గింజ, ఒకటి కొక్కెం. తొడమీద ఏటవాలుగా దిగే సార్టోరియస్ అనే కండ ఒంట్లోకెల్లా పొడవైనది. ఆ పేరుకర్థం దర్జీవాడిది. ఆనాటి దర్జీలు బాసింపట్టు వేసుకుని కుట్టేవారు, కాలు అలా మడవడంలో ఆ కండకి పనుంటుంది. అసలు మజిల్ అన్న మాటే ‘చిట్టెలుక’ అట. చర్మం కింద అటూ ఇటూ పరిగెడుతుంది కాబట్టి.

చెల్లి నవ్వింది. చాలా రోజుల తర్వాత. ‘అంటే వీళ్ళూ మనలాంటోళ్ళే. ఇంట్లో సామాన్ల పేర్లు పెట్టేశారు’ అంది.

ఆ మాటతో నాకు ఇంకోటి తట్టింది. పటెల్లా అంటే? చిన్న పళ్ళెం. మనమేమంటాం? మోకాలిచిప్ప! ప్యూపిల్ అన్నది లాటిన్‌లో చిన్న బొమ్మ, చిన్న పిల్ల. ఎదుటివాళ్ళ కంట్లోకి చూస్తే మన రూపం బుల్లిగా కనబడుతుంది కదా, అందుకని. మనకది కంటిపాప. చెవిలో టింపానమ్ అంటే వాయించే వాద్యం, మనది కర్ణభేరి. మనవాళ్ళు రోమ్ వెళ్ళి అడిగి రాలేదు, వాళ్ళు మనూరొచ్చి రాసుకుని పోలేదు. ఎవరి ఒంటిని వాళ్ళు తడుముకున్నారు, ఒకే పేరు పెట్టుకున్నారు.

ఆ రోజు నుంచీ చెల్లి బట్టీ పట్టడం మానేసిందని రాస్తే అబద్ధమవుతుంది. అనాటమీలో బట్టీ తప్పదు. 206 ఎముకలు, మెదడు నుంచి వచ్చే 12 జతల నాడులు... వీటిని ఎక్కాల్లా వల్లించాల్సిందే. కానీ ఏది వల్లిస్తోందో ఇప్పుడు దానికి కనబడేది. బాల్‌పెన్ తీసుకుని నా చేతిమీద మణికట్టు ఎముకలు గీసేది. సోమవారం ఆఫీసుకి ఆ పడవా, నెలవంకా, బఠాణీగింజలతోనే వెళ్ళాను. రెండు చేతుల్లో 54 ఎముకలు, రెండు పాదాల్లో 52. అంటే ఒంట్లో ఉన్నవాటిలో సగానికి పైగా చేతుల్లోనూ కాళ్ళలోనే! పనిచేసుకు బతకమనేగా ఇలా అమర్చింది అనిపించింది నాకు.

ఇంకో ఆదివారం మటన్ కొట్టుకీ తీసుకెళ్ళాను. పుస్తకంలో కాలేయం, మూత్రపిండం, ప్లీహం. కొట్టులో కలేజీ, గుర్దా, తిల్లి. కొట్టాయన రెక్క దగ్గర కీలు ఎక్కడ విడిపోతుందో చూడకుండానే కత్తి దించుతున్నాడు. చెల్లి అరగంట నిలబడి చూసింది, వెనకున్నవాళ్ళు విసుక్కున్నారు కూడా. కాకపోతే మేకతో మొత్తం పాఠం అవదు. దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. గేలెన్ అనే గ్రీకు వైద్యుడు రెండో శతాబ్దంలో కోతుల్నీ పందుల్నీ కోసి చూసి మనిషి గురించి రాశాడు. కింది దవడ రెండు ఎముకలన్నాడు. వెయ్యేళ్ళకి పైగా యూరప్ అదే చదివింది. ఆఖరికి వెసేలియస్ అనే కుర్ర ప్రొఫెసర్ మనుషుల శవాలనే కోసి, అది ఒకటే ఎముక అని 1543లో బొమ్మలతో సహా పుస్తకం అచ్చేశాడు. అన్నేళ్ళూ తన దవడ తాను తడుముకున్నవాడు ఒక్కడూ లేకపోయాడా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మనిషిని మనిషి దగ్గరే నేర్చుకోవాలి. నర్సింగ్ పిల్లలు శవాన్ని కొయ్యరు. కానీ దగ్గర్లోని మెడికల్ కాలేజీకి తీసుకెళ్ళి చూపిస్తారు. ఆ రోజు కోసం చెల్లి వారం ముందు నుంచే భయపడింది. ఫార్మలిన్ వాసనకి కళ్ళు మండుతాయని సీనియర్లు చెప్పారట, ఏమీ తినకుండా వెళ్ళింది. హాల్లోకి వెళ్ళాక అక్కడి మేడమ్ ముందు అందరినీ నిశ్శబ్దంగా నిలబెట్టి ఒక ప్రమాణం చేయించారు. ఈ దేహాన్ని గౌరవిస్తాం, తేలిక మాటలు ఆడం, ఫొటోలు తీయం అని. ‘ఈయన మీకు మొదటి గురువు’ అన్నారట.

రాత్రి ఫోన్లో చెల్లి గొంతు మామూలుగానే ఉంది. ముఖం చూడలేదంది. చెయ్యి చూసిందట. అరచెయ్యి అంతా కాయలు కాసి, బొటనవేలి గోరు నల్లగా చిట్లి... ‘నాన్న చెయ్యిలా ఉందక్కా’ అంది. ఆ చేతిని కొంత దాకా తెరిచి ఉంచారు. వేళ్ళని ముడిచే తెల్లటి తాళ్ళు ముంజేతిలోంచి ఎలా వస్తాయో మేడమ్ లాగి చూపించారట. లాగితే వేలు ముడుచుకుంది. ‘భయమెయ్యలేదా?’ అన్నాను. ‘మొదట వేసింది. వేలు ముడుచుకున్నాక వెయ్యలేదు’ అంది.

ఆ వేలి దాకా రావడానికి మన దేశానికీ చాలాకాలమే పట్టింది. సుశ్రుతుడు ఏనాడో దారి చెప్పాడు. శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో పెట్టి, ఏటినీళ్ళలో ఏడు రాత్రులు ఉంచి, మెత్తబడ్డాక వట్టివేళ్ళూ వెదురుతో చేసిన కుంచెలతో పొరపొరా రుద్దుతూ చూడమన్నాడు. కత్తి కాదు, కుంచె! తర్వాత ఆ చదువు మరుగున పడింది. అంటు అడ్డొచ్చింది. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా అనే ఆయుర్వేద పండితుడు శవాన్ని కోసినప్పుడు అది దేశమంతా చెప్పుకునే సంగతి అయ్యింది. ఇప్పుడు తమ దేహాన్ని ముందే రాసిచ్చేవాళ్ళున్నారు. మన తెలుగువాడు సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరులో కన్నుమూస్తే, కుటుంబం ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చింది.

పండక్కి ఊరెళ్ళినప్పుడు చెల్లి ఆ చెయ్యి సంగతి నాన్నకీ చెప్పింది. ఆయన అన్నం కలుపుతున్నవాడు ఆగి, ‘ఆయన పేరేంటమ్మా?’ అన్నాడు. ‘పేరు చెప్పరు నాన్నా’ అంది. ‘ఎవరో సేద్యం చేసుకునేవాడే అయ్యుంటాడు’ అని మళ్ళీ కలుపుకున్నాడు. అమ్మ మాత్రం అన్నాల దగ్గర ఆ మాటలేమిటని ఇద్దర్నీ కసిరింది.

చెల్లి కాలేజీలో చేరిన ఏడాదే, అక్టోబరులో, మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఎంబీబీఎస్ మొదటి ఏడాది పుస్తకాలను హిందీలో విడుదల చేసింది. అనాటమీ కూడా అందులో ఉంది. మనకిది మరీ కొత్తేం కాదు, 1846లో హైదరాబాద్‌లో పెట్టిన వైద్య పాఠశాలలో మొదట చదువు చెప్పింది ఉర్దూలోనే. తెలుగులోనూ రావాలా అని ఎవరైనా అడిగితే నా దగ్గర తయారు జవాబు లేదు. క్లావికిల్ తీసేసి జత్రుక పెడితే మా చెల్లికి ఒరిగేదేమీ లేదు. పైగా రేపు ఏ కేరళ డాక్టరుతోనో పనిచేయాల్సి వస్తే ఇబ్బంది. కానీ మొదటి రోజు క్లాసులో ఎవరైనా ఒక్క ఐదు నిమిషాలు, ‘ఇది చిన్న తాళంచెవమ్మా, చెయ్యెత్తి చూడండి’ అని ఉంటే ఆ 7 మార్కుల రాత్రి వచ్చేది కాదని నా నమ్మకం. అడిగితే క్లాసులో 60 మందిలో సగం పైన తెలుగు మీడియమేనట.

సెమిస్టర్ చివర చెల్లి గట్టెక్కింది. గొప్ప మార్కులేం కాదు, పాసు. అప్పు నాన్న రెండు పంటల్లో తీర్చాడు.

మన ఇంటి తెలుగుతో కూడా చిక్కులు లేకపోలేదు. అవి వార్డుకెళ్ళాక బయటపడ్డాయి. ‘గుండెల్లో మంట’ అంటూ వచ్చినవాళ్ళలో చాలామందికి అది కడుపులో ఆమ్లం. అలాగని వదిలేయడానికీ లేదు, ఎవరో ఒకరికి నిజంగా గుండే అయ్యుండొచ్చు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ‘నరం’. పిక్క పట్టేస్తే నరం పట్టేసిందంటాం, అది కండ. కత్తి తగిలి వేలు వంగకపోతే నరం తెగిందంటాం, అది కండని ఎముకకి కట్టే తాడు. కాలుమీద ఉబ్బి నీలంగా కనబడేవీ నరాలే, అవి సిరలు. నిజంగా నరాల బలహీనత అన్నప్పుడూ అదే మాట. డాక్టరు మణికట్టు దగ్గర ‘నాడి’ చూస్తాడు కదా, అక్కడ కొట్టుకునేది ధమని. పుస్తకం తెలుగులో నాడి అంటే నెర్వ్! ఆ హాల్లో చెల్లి ఈ మూడింటినీ పక్కపక్కనే చూసింది. ధమని గోడలు మందంగా గొట్టంలా నిలబడి, సిర నీళ్ళు పోయిన పైపులా చప్పబడి, నెర్వ్ దారపు పోగులా గట్టిగా తెల్లగా. ఒక్కసారి చూస్తే చాలు, ఇక కలవవంది.

మొన్నామధ్య మెడికల్ వార్డులో డ్యూటీ పడింది. డెబ్బై దాటిన మామ్మకి సెలైన్ పెట్టాలి. ముందు ఇద్దరు ప్రయత్నించి వదిలేశారట, చెయ్యంతా కమిలిపోయి ఉంది.

‘నా నరం సన్నం సిస్టరమ్మా, దొరకదు’ అందట మామ్మ.

చెల్లి సూది పక్కన పెట్టి, మోచేతి కింద వేళ్ళతో తడుముతూ కూర్చుంది. కొట్టుకునేది ధమని, దాన్ని ముట్టుకోకూడదు. తాడులా బిగిసి ఉన్నది కండ చివర. వాటి పక్కన, నొక్కితే తగ్గి వదిలితే మెల్లగా నిండేదొకటి ఉండాలి.

‘ఉంది మామ్మా’ అంది.