లేవనంటున్న జీ షార్ప్

ఆల్టో శాక్సఫోన్ మీద ఎడమచేతి చిటికెన వేలికి అందేలా ఒక మీట ఉంటుంది. పేరు జీ షార్ప్. శాక్సఫోన్ నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు పంచాయతీ పెట్టేది ఇదే. మా ఇంట్లో స్కూలు కచేరీ వారంలో పెట్టింది.

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఇక్కడ ఆరో తరగతికి రాగానే బ్యాండులో చేరే పిల్లలు తలా ఒక వాయిద్యం పుచ్చుకుంటారు. మా అమ్మాయి ఆల్టో శాక్సఫోన్ కావాలంది, నెలవారీ అద్దెకు తెచ్చాం. ఆడపిల్ల చేతిలో ఆ ఇత్తడి గొట్టమేమిటని మా అత్తయ్యగారు కాస్త నొచ్చుకున్నారు గానీ, కద్రి గోపాల్‌నాథ్ వాయించింది దీన్నేనని చెప్పాక మెత్తబడ్డారు. త్యాగరాజ కృతులను శాక్సఫోన్ మీద పలికించి, 1994లో లండన్ బీబీసీ ప్రామ్స్ దాకా తీసుకెళ్లిన మనిషి ఆయన. ఆ పేరు వినగానే వాయిద్యానికి మా ఇంట్లో పౌరసత్వం దొరికింది.

“అమ్మా, జీ షార్ప్ రావట్లేదు. నొక్కితే జీ యే వస్తోంది,” అని అమ్మాయి వచ్చింది. నొక్కి చూపించింది. మీట కిందికి వెళ్లింది గానీ, దానితో తెరుచుకోవాల్సిన రంధ్రం మీది మూత కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కింది. అయినా కదల్లేదు. మూడోసారి నొక్కితే “టప్” మని చప్పుడు చేసి లేచింది.

ఆ “టప్” ఉంటే సగం రోగం తెలిసినట్టే. మూత అంటుకుని, ఒక్కసారిగా ఊడి, ఆ తర్వాత చురుగ్గా లేస్తే తప్పు మూత అడుగున ఉన్న ప్యాడుది. చప్పుడేమీ లేకుండా బద్ధకంగా, ముసలి గుమాస్తాలా లేస్తే స్ప్రింగు బలం తగ్గిందో, పక్కకు జారిందో, కడ్డీ వంగి పట్టేస్తోందో చూసుకోవాలి. నొక్కిన మీటే తిరిగి పైకి రాకపోతే అది మీట కడ్డీ దగ్గరి గొడవ. వీటిలో మొదటిదాన్ని ఇంట్లో చూసుకోవచ్చు. మిగతావి రిపేరు చేసేవాళ్ల పని. స్క్రూడ్రైవర్ చేతిలో ఉంటే మనవాళ్లు ఊరుకోరు. శాక్సఫోన్ మీద కనిపించే చిన్న స్క్రూలలో కొన్ని కీ తిరిగే ఇరుసులు, కొన్ని ఒక మూతకూ ఇంకో మూతకూ మధ్య పొత్తు కుదిర్చేవి. ఏది ఏదో తెలియకుండా తిప్పితే ఒక స్వరం పోయిన చోట నాలుగు పోతాయి.

గట్టిగా నొక్కినా ఎందుకు లేవదు? నాకు ఇందులో ఆసక్తి పుట్టించింది ఈ ప్రశ్నే. చాలా కీలలో మీటా మూతా ఒకే ముక్క, వేలి బలం నేరుగా మూతను లేపుతుంది. జీ షార్ప్‌లో అవి రెండూ వేర్వేరు, ఒక్కోదానికి ఒక్కో స్ప్రింగు. మూతకున్న స్ప్రింగు దాన్ని పైకి లేపాలని చూస్తుంటుంది. మీటకున్న స్ప్రింగు అంతకంటే బలమైంది, అది మూతను రంధ్రం మీద అదిమి ఉంచుతుంది. అంటే మీట నొక్కినప్పుడు మనం మూతను లేపడం లేదు, దాని నెత్తిమీది బరువును తీస్తున్నాం, అంతే. లేవడమన్నది మూత తన సొంత స్ప్రింగు సత్తువతోనే లేవాలి. ఆ స్ప్రింగు బలహీనమైంది. ప్యాడు కాస్త జిగురుగా ఉంటే చాలు, ఓడిపోతుంది. అమ్మాయి చిటికెన వేలు నొప్పి పుట్టేలా నొక్కినా ఆ బలంలో రవ్వంత కూడా మూతకు చేరదు.

ఇంత తిరకాసు ఊరికే పెట్టలేదు. జీ షార్ప్ మీట నొక్కే ఉంచి కుడిచేతి వేళ్లు వేస్తే, ఆ కీలకున్న చిన్న చెయ్యి జీ షార్ప్ మూతను దానంతటదే మూసేస్తుంది. చిటికెన వేలు ఎత్తి దించే పని లేకుండా వేగంగా వాయించుకోవచ్చు. ఆ సౌకర్యానికి ఇది మూల్యం.

ఇక జిగురు సంగతి. ప్యాడంటే లోపల ఫెల్టు, పైన పలచటి తోలు. ఊదే గాలితో తడి, ఉమ్మి లోపలికి పోతాయి. ఆ ఉమ్మిలో ఆరెంజ్ జ్యూసో, సోడానో కలిస్తే తోలుకూ రంధ్రం అంచుకూ మధ్య సన్నటి పాకం పట్టినట్టే. పైగా బ్యాండు పాఠాల తీరు కూడా దీనికి తోడవుతుంది. మొదట్లో అందరూ కలిసి వాయించేది బీ ఫ్లాట్ స్కేలు. ఆల్టో వాళ్ల కాగితం మీద అది జీ మేజర్. అందులో జీ షార్ప్ ఉండదు. తర్వాత నేర్పే ఈ ఫ్లాట్, ఎఫ్ స్కేళ్లలోనూ ఉండదు. నెలల తరబడి ఆ మూత తెరుచుకోకుండా, తడుస్తూ, ఆరుతూ, ఆరిన చోటే అంటుకుంటూ ఉంటుంది. అరస్వరాలన్నీ వరసగా వాయించే క్రోమాటిక్ స్కేలు మొదలుపెట్టిన రోజున పిల్లలు దాన్ని మొదటిసారి నొక్కుతారు. అప్పటికి దాని కాపురం రంధ్రంతో స్థిరపడిపోయి ఉంటుంది.

“ఓ చుక్క కొబ్బరినూనె వెయ్యి అమ్మాయ్,” అన్నారు అత్తయ్యగారు. గేటు కిర్రుమన్నా, కుట్టు మిషను మొరాయించినా ఆవిడ మందు అదే. ఇరుసుల దగ్గరైతే సన్నటి కీ ఆయిల్ ఉంది, వేస్తారు కూడా. ప్యాడు తోలుకు నూనె తగిలితే మాత్రం దుమ్ము పట్టి జిగురు ఇంకా పెరుగుతుంది. పౌడరు కాగితాలు దుకాణాల్లో అమ్ముతారు. అవి ఆ పూటకు పనిచేస్తాయి, తర్వాత పౌడరూ తడీ కలిసి ముద్దవుతాయి. పిల్లల్లో పేరున్న చిట్కా ఇంకొకటి: ప్యాడు కింద డాలరు నోటు పెట్టి లాగడం. నోటు మామూలు కాగితం కాదు, ముప్పాతిక వంతు పత్తి, పావు వంతు నార. గరుకుగా ఉంటుంది, ఎన్ని చేతులు మారిందో దేవుడికెరుక. పలచటి తోలును దానితో గీరడం నాకు నచ్చలేదు.

రిపేరు చేసేవాళ్లు వాడేది సిగరెట్లు చుట్టుకునే కాగితం. గ్యాస్ స్టేషన్‌కి వెళ్లి అడిగాను. కౌంటర్లో ఉన్నది గుళ్లో ప్రసాదం పంచుతూ కనబడే పెద్దమనిషి. నేను “శాక్సఫోన్‌కండీ” అన్నాను. ఆయన “అలాగేనమ్మా” అన్నాడు గానీ నమ్మినట్టు లేడు.

అంటుకున్న మూతను గోటితోనో కత్తితోనో పెకలించకూడదు. మీట నొక్కి ఉంచి, వేలికొసతో మూతను మెల్లగా లేపాలి. కాగితానికి జిగురు అంచు ఉంటే చింపేసి, ప్యాడు కింద పెట్టి, మూతను తేలిగ్గా అదిమి, వదిలి, కాగితం తీయాలి. మూత నొక్కి ఉండగా లాగితే తోలు చిరుగుతుంది. తడి అద్దుకునేదాకా కొత్తచోటు పెట్టి అదుముతూ పోవడమే. ఎండిన పాకమైతే కాగితం కొసను లైటర్ ఫ్లూయిడ్‌తో కాస్త తడిపి అద్దాలి. అది ఇట్టే అంటుకునే ద్రవం కనుక పొయ్యికి దూరంగా, పెద్దవాళ్లు చెయ్యాలి. రంధ్రం అంచును కూడా తుడవాలి. చాలామంది ప్యాడును తుడిచి దీన్ని వదిలేస్తారు, సగం జిగురు అక్కడే ఉంటుంది.

ఇంత చేసినా మళ్లీ మళ్లీ అంటుకుంటుంటే ప్యాడు మార్పించాలి. తోలు గట్టిపడి, రంధ్రం ముద్ర లోతుగా దిగిపోయినదాన్ని ఎంత తుడిచినా లాభం లేదు. అద్దె వాయిద్యాలకు చాలాచోట్ల రిపేరు నెలవారీ అద్దెలోనే కలిసి ఉంటుంది, కాగితాలు ఓసారి చదువుకోండి. మాకు షాపు చెప్పిన గడువు కచేరీ దాటి ఉంది కాబట్టి ఇంట్లోనే తంటాలు పడ్డాం.

ఇప్పుడు వాయించే ముందు నోరు పుక్కిలించి రమ్మని అత్తయ్యగారి ఆజ్ఞ. నూనె మాట చెల్లలేదు గానీ ఈ మాటను బ్యాండు టీచర్ కూడా బలపరిచారు. మా వాయిద్యంలో కింది సీ షార్ప్ మూతది కూడా ఇదే రెండు స్ప్రింగుల ఏర్పాటు. మొన్నటినుంచి అదీ “టప్” మంటోంది. సిగరెట్ కాగితాలు మాత్రం ఇంటి దగ్గరే ఉంచుతున్నాను. స్కూలుకు వెళ్లే పెట్టెలో కాఫీ ఫిల్టరు ముక్కలు పెడుతున్నా. ప్రిన్సిపాల్‌కి శాక్సఫోన్ స్ప్రింగుల గురించి వివరించే ఓపిక నాకు లేదు.