మజాక్ ఎవరి చేతిలో ఉంది?

బ్రిటిష్ కామెడీ అంటే మన ఇళ్లల్లో మిస్టర్ బీనే. మాటలు పెద్దగా ఉండవు కాబట్టి జబాన్‌తో తకలీఫ్ లేదు, బచ్చాల నుంచి నానీమా దాకా అందరూ నవ్వుతారు. నేను మాత్రం కొన్నాళ్లుగా అదే ముల్కు నుంచి వచ్చిన ఇంకో రకం కామెడీ చూస్తున్నాను. అందులో మనలాంటి చెహరాలు ఉంటాయి. చూస్తున్నంతసేపూ దిల్‌లో ఒకటే సవాల్: ఈ మజాక్ మనం చేస్తున్నదా, మన మీద చేస్తున్నదా?

1974లో బీబీసీ 'ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్' మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన దేవ్‌లాలీలో ఉన్న గోరా సిపాయిల నాటక బృందం కథ. అందులో ముఖ్యమైన హిందుస్తానీ పాత్ర రంగీ రామ్. ఆ వేషం కట్టింది మైకేల్ బేట్స్ అనే గోరా నటుడు, ముఖానికి రంగు పూసుకుని. ఢాకాలో పుట్టిన డినో షఫీక్‌కు అదే షోలో దొరికింది చాయ్‌వాలా వేషం. 1977లో వచ్చిన 'మైండ్ యువర్ లాంగ్వేజ్'లో అదే షఫీక్ అలీ నదీమ్ అయ్యాడు, ఇంగ్లీషు క్లాసులో తప్పులు మాట్లాడి నవ్వించే పాకిస్తానీ. దాని నమూనాతోనే 1993లో దూరదర్శన్‌లో పంకజ్ కపూర్ 'జబాన్ సంభాల్‌కే' వచ్చింది. మనమూ విరగబడి నవ్వాం. షఫీక్ హునర్ మీద నాకు షక్ లేదు. కానీ కలం అతని చేతిలో లేదు.

కలం చేతికొచ్చాక ఏమైందో 1998లో బీబీసీలో వచ్చిన 'గుడ్‌నెస్ గ్రేషస్ మీ' చూపించింది. మీరా స్యాల్, సంజీవ్ భాస్కర్ లాంటి అక్కడి దేసీ పిల్లలే రాసి నటించారు. ఒక స్కెచ్‌లో లస్సీలు దట్టించిన దేసీ గుంపు బొంబాయిలో ఇంగ్లీషు హోటల్‌కు వెళ్తుంది. వెయిటర్ పేరును ఖరాబ్ చేస్తుంది, అన్నిటికంటే చప్పటి ఖానా తెమ్మని పందెం కాస్తుంది. తాగి కర్రీ హోటళ్లకు వచ్చి గోరాలు చేసే గోలను ఆయినాలో తిప్పి చూపించారు, అంతే. ఒక్క గాలీ లేదు, గట్టి జవాబ్ ఉంది.

తర్వాత మన ఘర్‌లోకే వచ్చింది కెమెరా. 2012లో బీబీసీ వన్‌లో 'సిటిజన్ ఖాన్'. బర్మింగ్‌హామ్ స్పార్క్‌హిల్ మొహల్లాలో ఉండే పాకిస్తానీ ఖాన్ సాబ్, ఆయన బీవీ, ఇద్దరు బేటీలు. రాసి నటించిన ఆదిల్ రే కూడా ముస్లిమే. మొదటి ఎపిసోడ్‌లో, అబ్బా వస్తున్నాడని మేకప్‌లో ఉన్న చిన్న బేటీ గబగబా హిజాబ్ చుట్టుకుని ఖురాన్ తెరుస్తుంది. చాలామందికి గుస్సా వచ్చింది, బీబీసీకి షికాయత్‌లు వెళ్లాయి.

ఆ గుస్సా నాకు అర్థమవుతుంది. ఖురాన్ షరీఫ్ పక్కన నవ్వు వినిపిస్తే దిల్ ఒకసారి ఆగుతుంది. కానీ ఆ సీన్ నవ్వింది ఖురాన్‌ను చూసి కాదు, అబ్బాకు భయపడి నటించడాన్ని చూసి. అలాంటి నటన ఏ ఖాందాన్‌లో లేదు?

అసలు ముష్కిల్ వేరే ఉంది. 'ఫాల్టీ టవర్స్'లో బేసిల్ పిచ్చి చేష్టలు చూసి ఇంగ్లీషువాళ్లంతా ఇంతేనని ఎవరూ అనరు. వాళ్లకు వందల షోలున్నాయి. మనకు ఒక్క ఖాన్ సాబ్ ఉంటే పూరా ఖౌమ్ బరువు ఆయన టోపీ మీదే పడుతుంది. అప్పుడు ప్రతి జోకూ గవాహీ అయిపోతుంది. 2021లో నిదా మంజూర్ రాసిన 'వి ఆర్ లేడీ పార్ట్స్' అందుకే నచ్చింది. ముస్లిం అమ్మాయిల మ్యూజిక్ బ్యాండ్ అది. ఒకరిది నిఖాబ్, ఇంకొకరికి ఏ పర్దా లేదు. ఎవరి ఈమాన్ వాళ్లది, ఎవరి పాగల్‌పన్ వాళ్లది.

మన తెలుగు సినిమాల్లో ఇప్పటికీ లుంగీ, టోపీ, "నీకీ నాకీ" అని సాగదీసే సాయిబే కామెడీ. మన అమ్మీల జబాన్‌ను అలా వంకర చేస్తుంటే నాకు నవ్వు రాదు. అలాగని మన మీద మజాక్ హరామ్ అని ఫత్వా ఇవ్వలేను. మన దావత్‌లలో మనం నవ్వుకున్నంతగా మనల్ని చూసి ఎవరు నవ్వగలరు?

నా బేటీ కాలేజీ ఫంక్షన్ కోసం స్కిట్ రాస్తోంది. సాయిబు పాత్ర పెట్టనా అని అడిగింది. ఒక్కణ్ణి పెట్టకు, నలుగురిని పెట్టు అన్నాను. ఒకడు కంజూస్, ఒకామె హుషార్, ఒకడు భోళా, ఇంకొకడికి అసలు జోకే అర్థం కాకూడదు.