చెక్ ఇంజిన్ లైటూ, ఓ రబ్బరు గొట్టమూ

నా పాత కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికేది. హైవే ఎక్కితే బుద్ధిగా పోయేది. స్కానర్ పెడితే పి0171 కోడ్. అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అన్నమాట. ఆక్సిజన్ సెన్సార్ మార్చాలన్నాడు మెకానిక్. లాగ్‌లో ఎర్రర్ కనపడిందని లాగర్‌నే మార్చేద్దామన్నట్టుంది! నేను ఒప్పుకోలేదు. ఫ్యూయెల్ ట్రిమ్ ఐడిల్‌లో 20 శాతం దాటి, 2500 ఆర్పీఎం దగ్గర 5కి దిగుతోంది మరి. ఐడిల్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకునే ఉంటుంది, ఇంజిన్ పీల్చే గాలే కొంచెం. అందుకే లెక్కలోకి రాకుండా దూరే గాలి అక్కడ పెద్ద వాటా. వేగంలో అదే సముద్రంలో కాకిరెట్ట.

బానెట్ ఎత్తి వింటే సన్నగా బుస్సుమంటోంది. గొట్టాల మీద కాస్త కాస్త సబ్బునీళ్ళు చిమ్ముకుంటూ పోతే, పీసీవీ గొట్టం వంపు దగ్గర ఇంజిన్ చప్పుడు మారింది. వేడికీ, ఆయిల్ ఆవిరికీ రబ్బరు గట్టిపడి అడుగున చీలింది. కంటికి కనపడని వైపే చీలుతుంది, అదేం ఖర్మో!

టేపు చుట్టేవాళ్ళున్నారు, వద్దండీ బాబూ, ఆ వేడికి నిలవదు. ఆయిల్‌ని తట్టుకునే కొత్త గొట్టం, రెండు క్లాంపులు వేశాను. ఇరవై నిమిషాల పని.

బ్రేక్ బూస్టర్ కూడా బతికేది ఈ వాక్యూమ్ మీదే. దాని గొట్టం కూడా నొక్కి చూశాను. ఇంకా మెత్తగానే ఉంది.