మా వాడూ, చందమామా

2001లో మేం నలుగురం ఐసెలిన్‌లో, మెట్రోపార్క్ స్టేషన్‌కి దగ్గర్లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నలుగురికీ కలిపి ఒక కుక్కరు, ఒక పాత కారు. ఆ ఫిబ్రవరిలో ఫాక్స్ టీవీలో, అపోలో వాళ్ళు చంద్రుడి మీద దిగడమంతా నాటకమేనంటూ ఒక కార్యక్రమం వచ్చింది. ముగ్గురం చూసి నవ్వుకుని పడుకున్నాం. మా వాడు పడుకోలేదు.

"గాలి లేనిచోట జెండా ఎలా ఊగిందిరా?" అని తెల్లారేదాకా ఒకటే గొడవ. జెండా పైన అడ్డకడ్డీ ఉందిరా, కర్ర నేలలో గుచ్చుతుంటే ఊగింది, ఆపడానికి గాలి లేదు గనకే ఇంకాసేపు ఊగింది అని చెప్పాను. వింటేగా! నిజం చెప్పొద్దూ, శనివారం రాత్రుళ్ళు మాకదో మంచి కాలక్షేపం.

తర్వాత వాడికి సంబంధాలు చూశారు. గుంటూరు అమ్మాయితో ఫోన్లోనే పెళ్ళిచూపులు. కాలింగ్ కార్డులో మిగిలిన పది నిమిషాలూ వీడు చంద్రుడికే ఖర్చుపెట్టాడు. ఆ అమ్మాయి అంతా విని, "మీరు ఫోన్ చేస్తారని పొద్దున మా అమ్మ ఒక్క పిన్నికే చెప్పింది. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. అన్ని వేలమంది అన్నేళ్ళు నోరెలా కట్టుకున్నారండీ?" అంది. వీడి దగ్గర జవాబు లేదు. అందుకే చేసుకున్నాడనుకుంటాను.

మా పార్టీల్లో వీడు చందమామ ఎత్తుకుంటే ఆవిడ స్కైలాబ్ ఎత్తుకునేది. 1979 జులైలో అది నెత్తిన పడుతుందని వాళ్ళ తాతగారి ఊళ్ళో మేకలు అయినకాడికి అమ్మేశారట, కోళ్ళన్నీ కోసుకుని వీధివీధంతా కలిసి తిన్నారట. తీరా దాని ముక్కలు ఆస్ట్రేలియాలో పడ్డాయి. భయపడ్డవాళ్ళంతా మర్నాడు కలిసే నవ్వుకున్నారు.

2020లో వచ్చిన భయం అలాంటిది కాదు. ఎవరింట్లో వాళ్ళం, ఎవరి ఫోను వాళ్ళది. టీకాలో చిప్ ఉందన్నాడు. "దానికి పవరెక్కడిది, యాంటెన్నా ఏదిరా?" అంటే నాకు మూడు వీడియోలు పంపాడు. ఆవిడ చెప్పకుండా వెళ్ళి టీకా వేయించుకుంది. వీడు మకాం బేస్‌మెంట్‌లోకి మార్చాడు. 2021 దీపావళికి మేమెవరం వాళ్ళని పిలవలేదు. పిల్లలున్నారు, పెద్దవాళ్ళున్నారు అని సాకు.

ఆ ఏడే వాళ్ళ నాన్నగారు పోయారు. వెళ్ళలేకపోయాడు. నేను రెండు ముక్కలు మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. వీడియోలు పంచుకునే ఆ కొత్త స్నేహితులు మాత్రం తెల్లవార్లూ ఫోన్లో వాడితో కూర్చున్నారట. ఈ సంగతి ఆవిడ చెబితే తెలిసింది.

మొన్న ఇద్దర్నీ ఓక్ ట్రీ రోడ్డుకి టీకి పిలిచాను. పై అంతస్తూ బేస్‌మెంటూ అలాగే ఉన్నాయిగానీ, భోజనం కలిసే చేస్తున్నారట. అపోలో-11 దిగినచోటుని మన చంద్రయాన్-2 ఫొటో తీసిందిరా అన్నాను.

"ఇస్రోవాళ్ళూ కలిసిపోయారన్నమాట!" అన్నాడు.

"మా పిన్నికి తెలియకుండానే?" అంది ఆవిడ.

వాడు నవ్వలేదు. మూడు టీలు మళ్ళీ చెప్పాడు.