ఈత రాని ముగ్గురికి ఒక బీచ్

అమెరికాలో హెచ్‌1బి మీద ఉన్న మనవాళ్లని "వెకేషన్‌కి ఎక్కడికి?" అని అడిగి చూడండి. ముందు పాస్‌పోర్టు తీసి స్టాంపు డేట్ చూసుకుని, ఆ తర్వాత జవాబు చెప్తారు. ఉద్యోగం కాగితాలన్నీ పక్కాగా ఉన్నా సరే, స్టాంపు గడువు తీరాక దేశం దాటితే చాలా సందర్భాల్లో మళ్లీ కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కోసం పడిగాపులు కాయాలి. నాదీ అదే కథ. ఫ్రెండ్స్ కాంకూన్ అన్నారు, బహమాస్ అన్నారు. అన్నీ కొట్టేస్తే మిగిలింది పోర్టోరికో. ఉండేది కరీబియన్‌లోనే గానీ, 1898లో స్పెయిన్ చేతిలోంచి అమెరికా చేతిలోకి వచ్చిన దీవి అది. డాలస్ నుంచి వెళ్తే డొమెస్టిక్ ఫ్లైటే. తిరిగొచ్చేటప్పుడు మాత్రం పళ్లూ మొక్కలూ ఏమైనా తెస్తున్నామేమో అని వ్యవసాయ శాఖ వాళ్లు బ్యాగులు స్కాన్ చేస్తారు. (మా అమ్మ ఆవకాయ సీసాకి ఏ ఇబ్బందీ రాలేదు. అడుగుతారని తెలుసు, అందుకే ముందే చెప్తున్నా.)

అప్పటికి అమ్మా నాన్నా చీరాల నుంచి వచ్చి రెండు నెలలైంది. డిసెంబర్ ఆఖరి వారానికి టికెట్లు తీశాను. హోటల్ అరగంటలో తేలిపోయింది, కారు పది నిమిషాల్లో. బీచ్ దగ్గర మాత్రం మూడు రాత్రులు పట్టింది.

ఎందుకంటే మా ముగ్గురికీ ఈత రాదు. "చీరాల వాళ్లయ్యుండి ఈత రాకపోవడమేంటి?" అని ఆఫీసులో నవ్వారు. సముద్రం పక్కన బతకడం వేరు, సముద్రంలో ఈదడం వేరు. మాకు తెలిసిన సముద్రమంటే కార్తీక పౌర్ణమికి ఓడరేవు వెళ్లి, మోకాళ్ల లోతులో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మూడు మునకలు వేసి వచ్చేయడమే. దానికి తోడు, నేను బీటెక్ మూడో ఏడులో ఉండగా మా జూనియర్ ఒకబ్బాయి ఆదివారం ఫ్రెండ్స్‌తో సముద్రానికి వెళ్లి ఇంటికి తిరిగి రాలేదు. ఈదడానికేం వెళ్లలేదు, నడుము లోతులో నిలబడి ఆడుకుంటున్నాడంతే అని పక్కనున్న వాళ్లు చెప్పారు. ఆ రోజు నుంచి నేను బీచ్ అన్నానంటే చాలు, ఒడ్డెక్కానని ఫోన్ చేసేదాకా అమ్మ అన్నం తినదు. ఇప్పుడు ఆ అమ్మే సముద్ర స్నానం చేస్తానంటోంది. వయసు అరవై ఒకటి, మోకాళ్ల నొప్పులు.

ల్యాప్‌టాప్‌లో పద్నాలుగు ట్యాబ్‌లు తెరిచి పెట్టా. ప్రతి ఫొటోలోనూ నీలం నీళ్లు, తెల్ల ఇసుక, వంగిన కొబ్బరిచెట్టు. ఏది ఏదో తేడా తెలిస్తే ఒట్టు. వెనకనుంచి నాన్న చూసి, "ఇది ఎటు తిరిగుందే అమ్మలూ? గాలి ఎటు నుంచి కొడుతుంది?" అన్నారు. నలభై ఏళ్లు బట్టల కొట్టు నడిపిన మనిషి, పడవెక్కింది లేదు. కానీ కొట్టుకి వచ్చే ఓడరేవు జాలర్ల మాటలు విని విని ఆ ప్రశ్న ఆయన నోట్లో ఉండిపోయింది. ట్రావెల్ సైట్లలో బీచ్‌లకి స్టార్లు ఉన్నాయి, పార్కింగ్ వివరాలు ఉన్నాయి. దిక్కు మాత్రం మేమే మ్యాప్‌లో చూసుకోవాల్సి వచ్చింది.

మ్యాప్ తెరిచాక అసలు విషయం బయటపడింది. పోర్టోరికో తూర్పు పడమరలుగా సుమారు 160 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 55 కిలోమీటర్ల పైచిలుకు. చేటంత దీవి. అయినా దానికి రెండు సముద్రాలు. ఉత్తరాన అట్లాంటిక్, దక్షిణాన కరీబియన్. ఉత్తరం వైపు కొంచెం దూరం వెళ్తే 8 వేల మీటర్లకు పైగా లోతున్న అగాధం ఉంది, అట్లాంటిక్ మొత్తంలో అంత లోతు ఇంకెక్కడా లేదు. చలికాలంలో ఎక్కడో ఉత్తర అట్లాంటిక్‌లో తుఫాన్లు పుడితే, ఆ అలలు వందల మైళ్లు ప్రయాణం చేసి వచ్చి ఈ ఉత్తర తీరాన్ని కొడతాయి. మధ్యలో ఆపేది ఏదీ లేదు. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఎండ కాస్తుంటుంది, అల మాత్రం ఇంటెత్తున లేస్తుంది. అదే వేసవిలో ఆ తీరం చాలా రోజులు చెరువులా ఉంటుంది. అంటే జూలైలో తీసిన ఫొటో చూసి డిసెంబర్‌లో దిగితే, ఊరు అదే గానీ సముద్రం వేరు.

ఆ అలలకంటే నన్ను ఎక్కువ భయపెట్టింది రిప్ కరెంట్. అలలు ఒడ్డుకి తోసిన నీళ్లన్నీ ఎటోకటు వెనక్కి పోవాలి కదా. నీటి అడుగున ఉన్న ఇసుక తిన్నెల్లో ఎక్కడ గండి దొరికితే అక్కడనుంచి సన్నటి కాలువలా లోపలికి లాగేస్తాయి. ఆ లాగుడు ఒక్కోసారి సెకనుకి 8 అడుగుల దాకా ఉంటుందని అమెరికా వాతావరణ సంస్థ చెప్తుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. మోసం ఏంటంటే, ఆ కాలువ ఉన్నచోట అలలు విరగవు. రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యలో కాస్త ముదురు రంగులో నున్నగా నీళ్లు. ఈత రానివాడు "ఇక్కడ ప్రశాంతంగా ఉంది" అనుకుని సరిగ్గా అక్కడే దిగుతాడు. చిక్కుకుంటే ఒడ్డుకేసి పోరాడొద్దంటారు. ఈత వస్తే తీరానికి సమాంతరంగా పక్కకి ఈదాలి. రాకపోతే వెల్లకిలా తేలడానికి చూస్తూ చెయ్యి ఊపాలి. ఇది చదువుతున్నంతసేపూ నాకు ఆ జూనియర్ అబ్బాయే గుర్తొచ్చాడు. నడుము లోతు అన్నమాట ఇన్నేళ్లూ నాకు అర్థం కాలేదు.

ఇక ఏరివేత మొదలైంది. పడమటి కొసన ఉన్న రింకోన్ ముందు పోయింది. 1968లో ప్రపంచ సర్ఫింగ్ పోటీలు జరిగిన ఊరది. సర్ఫర్లు చలికాలంలో వెతుక్కుంటూ వెళ్లే చోటికి మా అమ్మని తీసుకెళ్లడమేంటి! రాజధాని శాన్‌హువాన్‌లో హోటళ్లన్నీ వరసగా నిలబడిన కొండాదో పేరు రీల్స్‌లో బాగా వినిపిస్తుంది. లిఫ్ట్ దిగితే ఇసుకే, ఆ సుఖం కాదనను. కానీ అట్లాంటిక్‌కి ఎదురుగా బార్లా తెరుచుకున్న తీరం అది, మునిగిపోయిన వాళ్ల వార్తలు వచ్చే చోటు. అక్కడ రూమ్ తీసుకుంటే పొద్దున కాఫీ తాగుతూ అలల్ని చూడొచ్చు. దిగడం ఎందుకు?

దక్షిణాన గ్వానికా వైపు సముద్రం ఆ నెలల్లో నెమ్మదిగా ఉంటుంది. మడ అడవుల మధ్య లోతు తక్కువ నీళ్లు, అమ్మకి సరిపోయేవి. శాన్‌హువాన్ నుంచి కారులో దీవి అటు కొసకి పోవాలి. మోకాళ్లు పట్టేస్తాయని అమ్మే వద్దంది. (వేసవిలో వెళ్లేవాళ్లకి ఇంకో మాట. 2011 నుంచి సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు కరీబియన్ తీరాలకి కుప్పలు తెప్పలుగా కొట్టుకొస్తోంది. తూర్పు, దక్షిణ తీరాలకే ఎక్కువ. కుళ్లితే ఆ కంపు భరించలేం.)

నా మనసు మాత్రం తూర్పున ఉన్న రెండు చిన్న దీవుల మీద పడింది. సెయిబా రేవు నుంచి ఫెర్రీ ఎక్కితే ఒకటి కులేబ్రా, ఇంకోటి వియెకెస్. కులేబ్రాలో ఫ్లమెంకో బీచ్ ఉంది. గుర్రపు డెక్కలా వంగిన తీరం, పిండిలాంటి ఇసుక, ఆ ఇసుకలో సగం కూరుకుపోయి తుప్పు పట్టిన యుద్ధ ట్యాంకులు. వాటి మీద ఇప్పుడు రంగురంగుల బొమ్మలు. జనం వాటి ముందు సెల్ఫీలు దిగుతారు. ఒకప్పుడు అమెరికా నేవీ గురి చూసి కాల్చడం ప్రాక్టీస్ చేసింది ఈ దీవి మీదే. జనం ఎదురు తిరిగాక 1975లో అక్కడ ఆపింది. ఆపి, ఆ పనంతా పక్కనున్న వియెకెస్‌లో కొనసాగించింది. 1999 ఏప్రిల్‌లో గురి తప్పిన బాంబు పడి డేవిడ్ సానెస్ అనే స్థానిక సెక్యూరిటీ గార్డు చనిపోయాడు. ఆ తర్వాత ఊళ్లకి ఊళ్లు కదిలి రేంజ్‌లోనే టెంట్లు వేసుకుని కూర్చుంటే, 2003 మే 1న నేవీ ఖాళీ చేసింది. పేలని బాంబులు ఏరే పని ఇంకా పూర్తి కాలేదు. వియెకెస్ బీచ్‌లకి రెడ్, బ్లూ, గ్రీన్ అని పేర్లు వినిపిస్తాయి. టూరిజం వాళ్లు ముద్దుగా పెట్టారేమో అనుకునేరు, అవి నేవీ పెట్టిన పేర్లు. స్థానికులకి అవి కరాకస్, లా చీవా, పుంతా అరేనాస్.

ఇది చదివి వినిపిస్తుంటే నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంత మంచి ఇసుక ఉందని కాల్చడానికి ఎంచుకున్నారా, మనుషులు తక్కువున్నారనా?" అన్నారు. రెండోదే అయ్యుంటుందన్నాను. ఆ ఒడ్డున కాసేపు నిలబడాలని ఆయనకీ ఉంది, నాకూ ఉంది. కానీ చలికాలంలో అలలు పెరిగితే ఫెర్రీ రద్దయ్యే అవకాశం ఉంది, మా చేతిలో ఉన్నవి నాలుగు రోజులు, బీపీ మాత్రలు హోటల్ గదిలో. వదిలేశాం. అక్కడికి వెళ్లకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ వెలితే.

చివరికి తేలింది లుకీయో. శాన్‌హువాన్ నుంచి తూర్పుకి గంట లోపు ప్రయాణం. నాన్న మ్యాప్ చూసి "ఇదీ ఉత్తరానికే తిరిగుందిగా" అని పట్టేశారు. నిజమే. కానీ తీరం నెలవంకలా లోపలికి వంగి ఉంది, ముందు పగడపు దిబ్బ ఉంది. పెద్ద అలలు దాని మీదే విరిగిపోయి, లోపలికి వచ్చేసరికి మెత్తబడతాయి. పైగా అది బాల్నెయారియో, అంటే ప్రభుత్వం నడిపే బీచ్. బాత్రూములు, పార్కింగ్, లైఫ్‌గార్డులు. అవి చాలు నాకు. వాతావరణ శాఖ శాన్‌హువాన్ ఆఫీసు ఏ తీరంలో రిప్ కరెంట్ ప్రమాదం ఎంతో రోజూ ఆన్‌లైన్‌లో పెడుతుంది. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడే మాటలు. పొద్దున్నే అది చూసి, ఉత్తర తీరమంతా "ఎక్కువ" అని ఉన్న రోజు ఊళ్లో తిరిగి, తగ్గిన రోజు బయల్దేరాం.

అక్కడ పసుపు జెండా ఎగురుతోంది. లైఫ్‌గార్డు కుర్రాడి దగ్గరికి వెళ్లి, నాకొచ్చిన నాలుగు ముక్కల స్పానిష్‌లో "మాకు ఈత రాదు, మా అమ్మ ఎక్కడ దిగొచ్చు?" అని అడిగాను. సిగ్గేం పడలేదు. అతను తన బల్లకి ఎదురుగా ఒక చోటు చూపించి, నడుము దాటొద్దని చేత్తోనే చెప్పాడు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, ఒక చెయ్యి నాకు, ఒక చెయ్యి నాన్నకి ఇచ్చి దిగింది. వెనక ఎల్ యుంకే అడవి కొండల మీద మబ్బులు. మూడు మునకలు వేసింది. "ఉప్పు తక్కువగా ఉందే" అంది. ఉండదమ్మా అన్నా వినలేదు.

బీచ్ పక్క రోడ్డు మీద వరసగా యాభై పైచిలుకు తిండి కొట్లు. అన్నంలో ఏవో గింజలు కలిపి వండింది తెచ్చాను, మాంసం లేకుండా చేశారని రెండుసార్లు అడిగి మరీ. పేరు అర్రోస్ కోన్ గండూలెస్. అమ్మ ఒక గింజ నొక్కి చూసి "ఇవి పచ్చికందులు కాదూ?" అంది. అక్షరాలా కందులే. మన దేశంలో పుట్టి, ఆఫ్రికా మీదుగా బానిస ఓడల కాలంలో ఈ దీవులకి చేరిన పంట. గండూల్ అనే పేరు మాత్రం కాంగో వైపు భాషల నుంచి వచ్చిందంటారు, మన "కందులు"కి దగ్గరగా వినిపించడం కాకతాళీయమే. అమ్మకి ఆ వివరణ నచ్చలేదు. కందుల్ని గండూలంటే తనకి తెలియదా అని, ఇప్పటికీ చీరాలలో అందరికీ అదే చెప్తోంది.

తిరుగు ప్రయాణం రోజు ఉత్తర తీరం మళ్లీ "ఎక్కువ"కి వచ్చింది. ఎయిర్‌పోర్ట్ పక్కనే పిన్యోనెస్ ఉంది. అక్కడ రోడ్డు వారగా కారు ఆపి, దిగకుండా చూశాం. నాన్న అద్దం దించి, నల్లటి రాళ్లకి అవతల రెండు నురగల మధ్య నున్నగా ఉన్న నీటి పట్టీని వేలితో చూపించారు. "అదేనా నువ్వు చెప్పింది?"

అదే.